చర్మం మీద చక్కెర వ్రాసే వయస్సు

నాలుక క్షణంలో మరచిపోయే తీపిని చర్మం ఏళ్ళ తరబడి గుర్తుంచుకొంటుంది. ఆ జ్ఞాపకమే ముడుతగా, మచ్చగా, బిగువుగా బయటపడుతుంది.

తమిళుల మాసి నెలలో మఖా నక్షత్రం నాడు పుదుచ్చేరిలోని వైతికుప్పం తీరం జనసంద్రమవుతుంది. తక్కిన రోజుల్లో అది పట్టణంలో సముద్రాన్ని ఆనుకొని ఉన్న బెస్తవారి పేట. ఇసుకలో పడవలు, ఆరవేసిన వలలు, వాటి నడుమ ఆడుకొనే పిల్లలు. ఆ ఒక్క రోజున మాత్రం చుట్టుపక్కల ఊళ్ళ ఆలయాల నుండి దేవతామూర్తులు ఊరేగింపుగా తరలివస్తాయి. మూర్తులకు సముద్రస్నానం జరిగే వేళ వేలాది చేతులు ఒక్కసారిగా పైకి లేచి నమస్కరిస్తాయి.

ఆ చేతులను వైద్యుడెవరైనా పరకాయించి చూస్తే ఆయనకు మరొక విషయం కూడా కనిపించవచ్చు. అంతటి జనసమూహంలో కొందరికి అరచేతులు రెండూ పూర్తిగా కలవవు. ఎంత గట్టిగా అదిమినా వ్రేళ్ళ మధ్య సన్నని సందు మిగిలిపోతుంది. చేతి చర్మం దళసరెక్కి, మైనం పూసినట్లు బిగుసుకొని, వ్రేళ్ళ కీళ్ళను నిటారుగా నిలువనీయదు. వైద్యశాస్త్రంలో దీనిని 'ప్రార్థనా చిహ్నం' అంటారు. అది చాలాకాలంగా మధుమేహం ఉన్నవారిలో కనిపించే లక్షణం.

1974లో అమెరికా వైద్యుడు ఆర్లాన్ రోజెన్‌బ్లూమ్, ఆయన సహచరుడు మధుమేహం గల పిన్నవయస్కులలో ఇటువంటి బిగువును గుర్తించి వివరించారు. వయస్సు మళ్ళిన వారిలో కీళ్ళు, చర్మం బిగుసుకొనడం వింత కాదు. కాని ఇరవై ఏళ్ళు నిండని వారి చేతులు అలా మారడం ఆశ్చర్యకరం. కాలం అరవై ఏళ్ళలో చేయవలసిన పనిని రక్తంలోని చక్కెర కొద్ది ఏళ్ళలోనే చేసిందన్న మాట.

పుదుచ్చేరి విషయంలో ఈ మాటకు ప్రత్యేకమైన ప్రాముఖ్యం ఉంది. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యాన 2008 నుండి 2020 వరకు దేశవ్యాప్తంగా 1,13,043 మందిని పరీక్షించి, 2023లో ఫలితాలు ప్రకటించారు. దేశంలోని వయోజనులలో 11.4 శాతం మందికి మధుమేహం ఉన్నట్లు తేలింది. గోవాలో అది 26.4 శాతం. దాని వెనువెంటనే, 26.3 శాతంతో, పుదుచ్చేరి నిలిచింది. అంటే నలుగురిలో ఒకరి కన్న ఎక్కువ. గోదావరి ఒడ్డున ఉన్న యానాం కూడా ఈ కేంద్రపాలిత ప్రాంతంలోనిదే. కనుక తెలుగువారు దీనిని పొరుగింటి లెక్కగా తీసిపారవేయరాదు.

మధుమేహం కన్నును, మూత్రపిండాన్ని, గుండెను దెబ్బ తీస్తుందని అందరికీ తెలుసు. అదే చక్కెర చర్మాన్ని కూడా ముసలిదాన్ని చేస్తుందని తెలిసినవారు తక్కువ. రోగం లేనివారిలో సైతం ఆ పని మెల్లమెల్లగా సాగుతూనే ఉంటుందని తెలిసినవారు మరీ తక్కువ.

రొట్టె పైపొరలోని రహస్యం

ఈ కథకు నాంది వంటగదిలో ఉంది. పెనం మీది దోసె అంచు ఎఱ్ఱబడుతుంది. పొయ్యిపై మరిగి మరిగి పాలకోవా లేతగోధుమ రంగుకు తిరుగుతుంది. పుదుచ్చేరి బేకరీలలో ఫ్రెంచి పద్ధతిలో కాల్చిన రొట్టె పైపొర ముదురు రంగు తేలి గట్టిపడుతుంది. వీటన్నింటిలోనూ జరిగేది ఒకే రసాయనక్రియ.

దాని గుట్టు విప్పినవాడు లూయీ కామిల్ మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. 1912లో, పుదుచ్చేరి ఇంకా ఫ్రెంచివారి పాలనలో ఉన్న రోజులలో, ఆయన తన పరిశోధనా ఫలితాన్ని పారిస్‌లోని విజ్ఞాన పరిషత్తుకు సమర్పించాడు. చక్కెరను, మాంసకృత్తులకు మూలమైన ఎమినో ఆమ్లాలను కలిపి వేడిచేస్తే ఆ రెండూ ఒకదానినొకటి పట్టుకొని గోధుమరంగు పదార్థాలుగా మారుతాయని ఆయన గమనించాడు. వంటకు రంగు, రుచి, సువాసన తెచ్చిపెట్టే ఆ చర్య నేటికీ ఆయన పేరనే చెలామణి అవుతున్నది.

మనిషి శరీరంలోనూ చక్కెర ఉంది, మాంసకృత్తులూ ఉన్నాయి. పెనం వేడి లేదు, అంతే తేడా. అయితే వేడి చేయగల పనిని కాలం కూడా చేయగలదు. పెనం మీద నిమిషాలలో ముగిసేది 37 డిగ్రీల దేహోష్ణంలో నెలలు, ఏళ్ళు తీసుకొంటుంది. మనం సన్నని మంట మీద, బహు నిదానంగా, జీవితాంతం వేగుతూనే ఉంటామని చెప్పుకోవచ్చు.

రక్తం చెప్పిన సాక్ష్యం

దేహంలో ఇది నిజంగా జరుగుతుందనడానికి మొదటి గట్టి సాక్ష్యం ఇరాన్ నుండి వచ్చింది. 1968లో టెహరాన్‌లో రక్తంలోని హీమోగ్లోబిన్‌ను పరిశీలిస్తున్న శామ్యూల్ రహబార్ అనే శాస్త్రజ్ఞునికి మధుమేహ రోగుల నమూనాలలో ఒక అసాధారణమైన రకం కనిపించింది. అది వేరే జాతి హీమోగ్లోబిన్ కాదని, చక్కెర అంటుకొన్న మామూలు హీమోగ్లోబినేనని తరువాత స్పష్టమైంది.

ఈనాడు ప్రతి పరీక్షాశాలలోనూ చేసే 'హెచ్‌బీఏ1సీ' పరీక్షకు పునాది ఇదే. ఎఱ్ఱ రక్తకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. ఆ నాలుగు నెలల ప్రయాణంలో రక్తంలో ఎంత చక్కెర ఉంటే అంత మేరకు హీమోగ్లోబిన్‌కు అంటుకొంటుంది. కనుకనే ఈ పరీక్ష గడచిన రెండు మూడు నెలల చక్కెర చరిత్రను చెప్పగలుగుతుంది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మధుమేహ నిర్ధారణకు దీనిని అంగీకరించింది. 6.5 శాతం, అంతకు పైబడితే మధుమేహంగా భావిస్తారు.

ఆ నివేదికను చేతబట్టుకొని ఇంటికి వచ్చే మనిషి గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ అంకె రక్తానికి సంబంధించినదే కావచ్చు. కాని ఆ చక్కెర అంటుకొనేది రక్తానికి మాత్రమే కాదు. రక్తకణం నాలుగు నెలలకు నశించి క్రొత్త కణానికి చోటిస్తుంది. దానితోపాటు అంటిన చక్కెర కూడా పోతుంది. నాలుగు నెలలకు నశించనివాటి గతి ఏమిటి?

పదిహేనేళ్ళ జ్ఞాపకం

ఈ ప్రశ్నను పట్టుకొన్నవారు న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఆంథొనీ సెరామీ, విన్సెంట్ మోనియె. కంటిలోని కటకం ఏళ్ళు గడిచేకొద్దీ పసుపుపచ్చగా, గోధుమరంగుగా ఎందుకు మారుతుంది? దోసె అంచును మార్చిన చర్యే అక్కడ కూడా జరుగుతూ ఉండవచ్చునని, చిరకాలం నిలిచి ఉండే మాంసకృత్తులు ముదిమి చెందడానికి అది ఒక కారణం కావచ్చునని 1981లో వారు ప్రతిపాదించారు. ఈ చర్య చివర ఏర్పడే పదార్థాలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పొడవాటి ఇంగ్లీషు పేరును పొడి అక్షరాలుగా కుదిస్తే 'ఏజ్' అవుతుంది. ఆ మాటకు ఇంగ్లీషులో వయస్సు అనే అర్థం.

చర్మంలో ఇటువంటి చిరంజీవి ఒకటుంది. దాని పేరు కొల్లాజెన్. తడి తీసివేసి తూచితే చర్మం బరువులో ముప్పాతిక వంతు అదే. చర్మానికి దారుఢ్యాన్ని ఇచ్చేది కొల్లాజెన్. లాగి వదిలితే మళ్ళీ యథాస్థానానికి చేర్చేది ఎలాస్టిన్. చర్మపు కొల్లాజెన్‌లో సగం క్రొత్తదిగా మారడానికి సుమారు 15 ఏళ్ళు పడుతుందని 2000లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. కీళ్ళ మృదులాస్థిలోని కొల్లాజెన్‌కైతే నూరేళ్ళ పైమాటే. అంటే ముప్పై ఏళ్ళ వయస్సులో అంటుకొన్న చక్కెర బంధం నలభై అయిదేళ్ళ నాటికి కూడా అక్కడే ఉండవచ్చు.

ఈ బంధాలు చేసే అపకారం వైతికుప్పం ఇసుకలో ఆరవేసిన వలను చూస్తే సుళువుగా బోధపడుతుంది. దారాలు ఒకదానిపై ఒకటి జారుతూ ఉన్నంతసేపూ వల సాగుతుంది, విసరితే విచ్చుకొంటుంది. ఆ దారాలు జిగురుతో ఒకదానికొకటి అంటుకొనిపోయాయనుకోండి. వల గట్టిగానే కనిపిస్తుంది, కాని సాగదు. బలవంతంగా లాగితే తెగుతుంది. కొల్లాజెన్ పోగుల నడుమ చక్కెర వేసే అడ్డుముడులు అటువంటి జిగురే. ఎడమవైపు ప్రక్కకు తిరిగి నిద్రించినప్పుడు చెక్కిలిపై పడిన మడత బాల్యంలో క్షణంలో పోతుంది. వయస్సు మళ్ళిన తరువాత చాలాసేపు నిలిచి ఉంటుంది. కారణాలలో ఇదీ ఒకటి.

ముఖం చెప్పే వయస్సు

ఈ వాదమంతా ప్రయోగశాలకే పరిమితమా, లేక మనిషి ముఖంలో కూడా కనిపిస్తుందా? నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో జరిగిన ఒక పరిశీలన ఈ ప్రశ్నకు ఆసక్తికరమైన సమాధానం చెప్పింది. 602 మంది ముఖచిత్రాలను తీసి, వారిని ఎన్నడూ ఎరుగని పరీక్షకులకు చూపి, ఒక్కొక్కరి వయస్సు ఎంత ఉంటుందో ఊహించమన్నారు. తరువాత ఆ ఊహలను రక్తంలోని చక్కెరతో పోల్చారు. 2013లో వెలువడిన ఫలితం ప్రకారం, అసలు వయస్సు ఒకటే అయినా, రక్తంలో గ్లూకోజు ఎక్కువగా ఉన్నవారు చూపరులకు పెద్దవారుగా కనిపించారు. డెసిలీటరుకు సుమారు 18 మిల్లీగ్రాముల గ్లూకోజు పెరిగితే ముఖంలో దాదాపు అయిదు నెలల వయస్సు పెరిగినట్లు తోచింది.

అయిదు నెలలు అల్పంగా కనిపించవచ్చు. పైగా ఇది రెండు విషయాలు కలిసి ఉన్నాయని చూపుతుందే గాని, ఒకటి రెండవదానికి కారణమని రుజువు చేయదు. చక్కెర ఒక్కటే ముడుతలన్నింటికీ కారణమని చెప్పేవారి మాట నమ్మనక్కరలేదు. ముఖాన్ని ముసలిచేసే వానిలో అగ్రస్థానం నేటికీ సూర్యునిదే. 28 ఏళ్ళు లారీ తోలిన 69 ఏళ్ళ వ్యక్తి ఛాయాచిత్రాన్ని 2012లో ఒక ప్రసిద్ధ అమెరికన్ వైద్యపత్రిక ప్రచురించింది. కిటికీ వైపున ఎండ పడిన ఎడమ చెక్కిలి అంతా లోతైన ముడుతలు. కుడి చెక్కిలి మాత్రం ఎన్నో ఏళ్ళు చిన్నవానిదిగా కనిపిస్తుంది. ఒకే మనిషి, ఒకే ఆహారం, ఒకే రక్తం. తేడా అంతా ఎండదే.

వైతికుప్పం జాలరి మీద పైనుండి పడే ఎండ, నీటి నుండి తిరిగి తాకే ఎండ రెండూ పనిచేస్తాయి. అతని చర్మంలోని నల్లని వర్ణకం కొంతవరకు గొడుగు పడుతుంది. అయితే చక్కెర, సూర్యుడు ఒకరికొకరు తోడు దొంగలు. ఎండ తగిలిన చర్మంలో చెడిపోయిన ఎలాస్టిన్ చుట్టూ ఈ చక్కెర బంధాలు ఎక్కువగా పేరుకొని ఉంటాయని సూక్ష్మదర్శిని పరీక్షలలో తేలింది. పొగ త్రాగడం మూడవ తోడు. ఈ మూడింటిలో ఎవరి వాటా ఎంతో విడదీయడం కష్టం. ఏ ఒక్కరిని తగ్గించినా చర్మానికి మేలే.

మెడ మీది నలుపు

ముడుత పడడానికి ఏళ్ళు పడుతుంది. చర్మం అంతకంటె ముందుగానే పంపే హెచ్చరికలు కొన్ని ఉన్నాయి.

వాటిలో మొదటిది మెడ వెనుక, చంకలలో కనిపించే నల్లని, దళసరి, మఖమలు వంటి పట్టీ. చాలా ఇళ్ళలో దీనిని మురికి అనుకొంటారు. తల్లులు పిల్లల మెడలను సున్నిపిండితో, పీచుతో తోమి తోమి పుండ్లు చేస్తారు. అది మురికి కాదు, తోమితే పోదు. తరచుగా తీపి, పిండిపదార్థాలు అధికమై, శరీరం బరువెక్కి, ఇన్సులిన్ మాట కణాలు వినడం మానివేసినప్పుడు, రక్తంలో ఇన్సులిన్ మరింత ఊరుతుంది. ఆ అదనపు ఇన్సులిన్ చర్మకణాలను అనవసరంగా పెరగమని పురికొల్పుతుంది. ఆ పెరుగుదలే ఈ నలుపు. రక్తపరీక్షలో మధుమేహం తేలడానికి ఏళ్ళకు ముందే ఇది కనిపించవచ్చు. బరువు తగ్గితే నలుపు కూడా చాలామందిలో తగ్గుతుంది. ఆ బాలుని మెడకు కావలసింది సబ్బు కాదు, వైద్యుని సలహా.

రెండవది మొటిమలు. తీపికీ మొటిమలకూ సంబంధం లేదని వైద్యులు చాలాకాలం వాదించారు. పాపువా న్యూగినీకి చెందిన కితావా ద్వీపంలో 1,200 మందిని పరీక్షించిన శాస్త్రజ్ఞులు ఒక్కరిలోనూ మొటిమ కనిపించలేదని 2002లో ప్రకటించారు. ఆ ద్వీపవాసుల ఆహారం దుంపలు, పండ్లు, చేపలు, కొబ్బరి. ఇందులో వంశపారంపర్యం పాత్ర ఎంతో చెప్పలేము. కాని 2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు మొటిమలున్న 43 మంది యువకులను రెండు జట్లు చేసి 12 వారాలు చూశారు. రక్తంలో చక్కెరను త్వరగా పెంచని ఆహారం తిన్న జట్టులో మొటిమలు ఎక్కువగా తగ్గాయి.

మూడవది గాయం. మానని గాయం, పదే పదే వచ్చే చర్మపు బూజు, సెగగడ్డలు చక్కెర పెరిగిందనడానికి సూచనలు. వట్టి కాళ్ళతో ఇసుకలో, గుల్లల మీద, గాలపు ముండ్ల నడుమ తిరిగేవారికి ఇది ప్రాణం మీదికి తెచ్చే సంగతి. పాదంలో స్పర్శ తగ్గితే ముల్లు దిగినది తెలియదు; తెలిసేనాటికి పుండు లోతెక్కి ఉంటుంది. అందచందాల మాట అటుంచి, చర్మాన్ని కాపాడుకోవడమంటే కాలిని కాపాడుకోవడం కూడా.

సీసాలో యౌవనం లేదు

ఏర్పడిన చక్కెర బంధాలను తెంచగల మందు లేదా? శాస్త్రజ్ఞులు వెదకకపోలేదు. 1986లో ఎమినోగ్వానిడిన్ అనే పదార్థం జంతువులలో ఈ బంధాలను నివారించగలదని తేలినప్పుడు ఎన్నో ఆశలు చిగురించాయి. మనుషులపై జరిగిన ప్రయోగాలలో అది నిలువలేక, మందుగా అంగడికి రాలేదు. చక్కెర బంధాలను తొలగిస్తామని చెప్పుకొనే ముఖలేపనాలకు ఖరీదు ఎక్కువ, రుజువు తక్కువ. లేపనం చర్మపు పైపొరను మెత్తబరచగలదు. లోపలి కొల్లాజెన్‌కు పదిహేనేళ్ళుగా అంటుకొన్న బంధాన్ని విప్పడం దాని తరం కాదు.

వంటింటి వైపు చూచిన శాస్త్రజ్ఞులూ ఉన్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో మధుమేహం గల ఎలుకలకు అల్లం కలిపిన ఆహారం పెట్టగా, వాటి కళ్ళలో చక్కెర బంధాలు తగ్గి, శుక్లం రావడం ఆలస్యమైందని 2010లో ప్రకటించారు. ఇది ఎలుకల కథ. మనిషి చర్మానికి దీనిని యథాతథంగా అన్వయించరాదు. అల్లం టీ త్రాగుతున్నాము గదా అని అందులో మూడు చెంచాల పంచదార వేసుకొనేవారికి ఇది బొత్తిగా వర్తించదు.

చెంచాల లెక్క

ఆరోగ్యవంతుని శరీరంలోని అయిదు లీటర్ల రక్తంలో, పరగడుపున, ఉండే గ్లూకోజు మొత్తం సుమారు అయిదు గ్రాములు. అంటే ఒక్క చెంచా! ఆ చెంచాను చెంచాగానే ఉంచడానికి కాలేయం, క్లోమం రాత్రింబవళ్ళు శ్రమిస్తాయి. 300 మిల్లీలీటర్ల శీతలపానీయం సీసా ఒక్కటి వాటి మీద 30 గ్రాములకు పైగా చక్కెరను ఒక్కుమ్మడిగా కుమ్మరిస్తుంది.

ఆహారానికి అదనంగా చేర్చే చక్కెర, తేనె, పండ్లరసాలలోని తీపి అన్నీ కలిపి మొత్తం శక్తిలో పదోవంతుకు మించరాదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అది రోజుకు సుమారు 50 గ్రాములు. అందులో సగానికి, అనగా ఆరు చెంచాలకు, తగ్గిస్తే మరీ మంచిదన్నది. రెండేసి చెంచాలతో రోజుకు నాలుగు కాఫీలు త్రాగేవారు మిఠాయి ముట్టకుండానే ఎనిమిది చెంచాలకు చేరుకొంటారు. కోస్తాలో దానిని పంచదార అన్నా, తెలంగాణంలో, సీమలో చక్కెర అన్నా చర్మానికి భేదం తెలియదు. బెల్లంలో కొద్దిగా ఖనిజాలున్న మాట నిజమే. అయినా అందులో అధికభాగం ఆ చక్కెరే.

తీపి ఒక్కటి మానినంత మాత్రాన పని ముగియదు. పాలిష్ పట్టిన తెల్లబియ్యపు అన్నం కూడా కడుపులో త్వరగానే గ్లూకోజుగా మారుతుంది. కంచంలో అన్నం కొంత తగ్గించి, పప్పు, కూర, చేప పెంచడం, భోజనానంతరం పడకకు బదులు పది నిమిషాల నడకకు పోవడం, ఎండలో పని ఉన్నప్పుడు తలకు, భుజాలకు గుడ్డ కప్పుకొనడం, పొగ మానడం. వీటిలో ఏదీ డబ్బు అడగదు. మెడ మీద నలుపు, మానని పుండు, కలవని అరచేతులు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయక రక్తపరీక్ష చేయించుకోవాలి.

పండుగ నాడు ఒక మిఠాయి తినరాదని ఏ శాస్త్రజ్ఞుడూ అనడు. వైతికుప్పం తీరాన ఏడాదికొకసారి నోట పడే తీపి చర్మాన్ని ముసలిచేయదు. ముసలిచేసేది ప్రతి ఉదయం, ప్రతి సాయంత్రం, ఆలోచన లేకుండా కలుపుకొనే చెంచా. ఆ చెంచాను నేడు తగ్గించినవారి చర్మం రేపటికే మారదు. అయితే ఈ ఏడు క్రొత్తగా అల్లుకొనే కొల్లాజెన్ ఇంకా ఎన్నో ఏళ్ళు వారి వెంటే ఉంటుంది. మరో పదిహేనేళ్ళ తరువాత అదే తీరాన మూర్తుల ఎదుట చేతులు జోడించినప్పుడు, రెండు అరచేతులూ సందు లేకుండా కలిస్తే, ఆ ఫలితం చాలు.